హోనోలులు మారథాన్: మొట్టమొదటి 42 కిలోమీటర్లకి ఆ తీరం, ఆ ఎండ సరైనవేనా?

#1 · చలిమంట

అందరికీ నమస్కారం. హాఫ్‌లు (21 కిలోమీటర్లు) పరిగెత్తాను, ఫుల్ మారథాన్ ఇంతవరకు లేదు. డిసెంబరు రెండో ఆదివారం జరిగే హోనోలులు మారథాన్‌కి పేరు ఇవ్వాలని మనసు పడింది. లాటరీ లేదు, అర్హత టైమ్ చూపించక్కర్లేదు, టైమ్ లిమిట్ కూడా లేదు. మొదటిసారి ఫుల్ పరిగెత్తేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. ఐదు గంటల్లో ముగిస్తే చాలు నాకు.

భయమల్లా ఎండ గురించే. మేం అమెరికా తూర్పు తీరంలో ఉంటాం. నవంబరు వచ్చేసరికి ఇక్కడ చేతులకి గ్లవ్స్ వేసుకుని పరిగెత్తాలి. ఆ చలిలో నాలుగు నెలలు తయారై, ఒక్కసారిగా ఉష్ణమండల ద్వీపంలో దిగి పరిగెత్తడం తెలివైన పనేనా? ఇంకో సంగతి, 42 కిలోమీటర్లూ సముద్రం పక్కనే ఉంటుందని కొందరంటున్నారు, నిజమేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 · ఉప్పుగాలి

నేను ఉండేది హోనోలులు ఉన్న ఒవాహు ద్వీపంలోనే అమ్మా. ఈ రోడ్ల మీదే నా ఆదివారాలు గడుస్తాయి, కాబట్టి రూటు ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

పొద్దున 5 గంటలకి ఆలా మోవానా బౌలెవార్డ్ మీద, టపాసుల వెలుతురులో మొదలవుతుంది. అప్పటికి చిమ్మచీకటి. ముందు డౌన్‌టౌన్ వైపు వెళ్లి క్రిస్మస్ దీపాల మధ్యగా తిరిగి వస్తారు. తర్వాత వైకీకీలో కలాకావా అవెన్యూ. కపియోలాని పార్కు దాటాక, దాదాపు 12వ కిలోమీటరు దగ్గర డైమండ్ హెడ్ అనే కొండ ఎక్కుడు మొదలు. అది దిగితే కహాలా వైపు ఇళ్లు, ఆ తర్వాత కలనియనావోలె హైవే. హైవే మీద తూర్పుగా హవాయి కాయ్ వరకు వెళ్లి, అక్కడో చుట్టు తిరిగి, అదే హైవే మీద వెనక్కి. చివర్లో కహాలా మీదుగా మళ్లీ డైమండ్ హెడ్ ఎక్కి, దిగి, కపియోలాని పార్కులో ఫినిష్.

సముద్రం సంగతి. 42 కిలోమీటర్లూ కనిపించదు. హైవే తీరం వెంటే పోతుంది గానీ, రోడ్డుకీ నీళ్లకీ మధ్య చాలాచోట్ల ఇళ్లు, గోడలు అడ్డం. వైలుపె బీచ్ పార్కు దగ్గర, మౌనలువా బే దగ్గర కాస్త తెరిపి దొరుకుతుంది, అంతే. ఎదురుగా కోకో హెడ్ కొండ మాత్రం వెళ్లేంతసేపూ కనిపిస్తుంది. అసలు సముద్రం ఉన్నది డైమండ్ హెడ్ రోడ్డు మీద. లైట్‌హౌస్ పక్కన రోడ్డు కాస్త ఎత్తుగా వంపు తిరుగుతుంది. కింద పగడపు దిబ్బ మీద అల విరిగేచోట తెల్లటి గీత, దాని అవతల సర్ఫర్లు చుక్కల్లా. ఆ ఒక్క కిలోమీటరు కోసం ఎన్నిసార్లైనా రావచ్చని నా అభిప్రాయం.

ఎక్కుడు చూసి భయపడొద్దు. రూటులో అతి ఎత్తైన చోటు కూడా సముద్రమట్టానికి నలభై మీటర్లకి మించదు. కాకపోతే రెండోసారి అది 38వ కిలోమీటరు దాటాక వస్తుంది. అక్కడ నలభై మీటర్లు చిన్న సంగతేం కాదు.

#3 · గడియారం

అన్నా, రూటు బాగా చెప్పారు. కానీ ఎండ గురించి జనం ఎక్కువ చేస్తున్నారని నాకు అనిపిస్తుంది. పొద్దున 5కి అక్కడ 20, 22 డిగ్రీలు. పదింటికి 26, 27. ఇది కొలిమి కాదు కదా. ట్రైనింగ్ సరిగ్గా ఉంటే నా మామూలు టైమ్ అక్కడా వస్తుందని నా నమ్మకం. 3:30 టార్గెట్‌తో వెళ్తున్నా.

#4 · పాతరికార్డులు

గడియారం గారూ, ఒక లెక్క చూడండి. కెన్యా అమ్మాయి బ్రిజిడ్ కోస్గెయ్ 2017లో హోనోలులులో 2:22:15తో కోర్సు రికార్డు (ఆ రూటు మీద అతి వేగమైన టైమ్) పెట్టింది. అదే మనిషి 2019 అక్టోబరులో షికాగోలో 2:14:04 పరిగెత్తి ప్రపంచ రికార్డు కొట్టింది. ఎనిమిది నిమిషాల తేడా. మగవాళ్లలో జిమ్మీ ముయిండి ఇక్కడ ఆరుసార్లు గెలిచాడు. 2004లో ఆయన పెట్టిన 2:11:12 కోర్సు రికార్డుగా 2016 దాకా నిలిచింది. అంతమంది కెన్యా పరుగువీరులు వచ్చిపోయే చోట పన్నెండేళ్లు ఎవరూ దాన్ని అందుకోలేదంటే ఈ కోర్సు టైమ్ ఎలా తినేస్తుందో ఆలోచించండి.

#5 · గడియారం

ఆ పోలిక కుదరదు సార్. 2017కీ 2019కీ మధ్య ఆవిడ ఎంతో మెరుగైంది, అప్పటికి షూస్ కూడా మారాయి. సరిపోల్చాలంటే 2017 అక్టోబరు షికాగో తీసుకోండి. అక్కడ 2:20:22తో రెండో స్థానం. రెండు నెలలకే హోనోలులులో 2:22:15. తేడా రెండు నిమిషాలు కూడా లేదు! ఇందులో డైమండ్ హెడ్ రెండు ఎక్కుళ్లు, ఎదురుగాలి కూడా కలిసే ఉన్నాయి. మరి ఎండ తిన్నదెంత?

#6 · ఉప్పుగాలి

తమ్ముడూ, నువ్వు చెప్పిన లెక్క సరైనదే. కానీ ఆవిడ ఫినిష్ లైన్ దాటింది ఎన్నింటికో ఒకసారి చూడు. 5కి మొదలైతే, 2:22కి గడియారంలో 7:22. డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం దాదాపు 7 గంటలకి. అంటే ఆవిడ పరుగులో చివరి ఇరవై నిమిషాలు తప్ప మిగతాదంతా ఎండ లేకుండానే అయిపోయింది. డైమండ్ హెడ్ దిగేటప్పుడు పడే ఏటవాలు ఎండ ఒక లెక్కలోకి రాదు.

మరి నువ్వు? 3:30 అంటే 8:30కి ముగిస్తావు. గంటన్నర ఎండ. మన చలిమంట గారు ఐదు గంటలకి పరిగెత్తితే 10 గంటలకి. మూడు గంటల ఎండ, అది కూడా అలిసిపోయిన సగంలో. ఆరేడు గంటలు పట్టేవాళ్ల మీదికి నడినెత్తి సూర్యుడే వస్తాడు. ఈ కోర్సు వేగంగా పోయేవాళ్లకి పెద్దగా అడ్డు రాదు. నెమ్మదిగా వెళ్లేవాళ్ల దగ్గరే వసూలు చేస్తుంది. అందుకే ఎలీట్ (మేటి పరుగువీరుల) టైమ్‌లు చూసి మనలాంటివాళ్లు ప్లాన్ వేసుకోకూడదంటాను.

ఇంకోటి, గాలి. ఇక్కడ ట్రేడ్ విండ్స్ ఈశాన్యం నుంచి వీస్తాయి. హైవే మీద హవాయి కాయ్ వైపు వెళ్లేటప్పుడు ఆ గాలి ఎదురొస్తుంది, అందరూ విసుక్కుంటారు. కానీ ఒంటి మీద చెమట ఆరేది ఆ గాలివల్లే. వెనక్కి తిరిగాక గాలి వీపున పడుతుంది. తోస్తుంది కదా, హాయి అనుకుంటారు. నువ్వు గంటకి 9 కిలోమీటర్లు పరిగెత్తుతుంటే వెనక గాలి కూడా దాదాపు అంతే వేగంతో వస్తే, నీ ఒంటికి తగిలే గాలి సున్నా. సరిగ్గా ఎండ ఎక్కే వేళకి, 27 నుంచి 35 కిలోమీటర్ల మధ్య, నీడలేని హైవే మీద ఆ సున్నా గాలి! అక్కడ నడక మొదలుపెట్టేవాళ్లని ఏటా చూస్తుంటాను. చాలామంది కాళ్లు బాగానే ఉంటాయి. ఒళ్లు మాత్రం కాగిపోయి ఉంటుంది.

#7 · గడియారం

అన్నా, సూర్యోదయం టైమ్ పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా. 3:30 వదలను గానీ, తిరుగు హైవే మీద పేస్ (కిలోమీటరుకి పట్టే టైమ్) బదులు హార్ట్ రేట్ చూసుకుంటూ వెళ్తాను.

#8 · నాడి

నేను డాక్టర్‌ని. రేసుల్లో మెడికల్ టెంట్లలో పనిచేస్తుంటాను. రెండు విషయాలు చెప్పాలి, రెండూ ముఖ్యమే, దయచేసి పూర్తిగా చదవండి.

మొదటిది ఎక్కువ నీళ్లు తాగడం. అవును, తక్కువ కాదు, ఎక్కువ. ఎండ భయంతో, దారి పొడవునా నీళ్లిచ్చే ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో రెండేసి కప్పులు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం మామూలుకన్నా తక్కువుంది, ముగ్గురిలో ప్రాణం మీదికి వచ్చే స్థాయికి పడిపోయింది. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఇది. ఎవరికి ముప్పు ఎక్కువని చూస్తే, పరుగు మధ్యలో బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటలకి మించి పరిగెత్తినవాళ్లు ముందున్నారు. హోనోలులులో ఎక్కువమంది ఆ రెండో గుంపులోనే ఉంటారు. కాబట్టి దాహం వేస్తే తాగండి, వేయకపోతే మానండి. ఆ కప్పు నీళ్లు తలమీద, మెడమీద పోసుకోండి, అది ఎంతో మేలు. స్పోర్ట్స్ డ్రింక్ తాగితే సోడియం సమస్య రాదనుకోవద్దు. అందులో సోడియం రక్తంలో ఉన్నదానికన్నా చాలా తక్కువ. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, రేసు రోజు ముట్టుకోవద్దు. నీళ్లు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద భారం పడుతుంది.

రెండోది వడదెబ్బ. పరిగెత్తేవాళ్లలో వచ్చే వడదెబ్బకి ఎండ మండిపోనక్కర్లేదు. గాలిలో తేమ ఉంటే చెమట కారిపోతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, అడిగినదానికి సంబంధంలేని జవాబు చెబుతున్నా అది వడదెబ్బే అనుకుని కదలాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. ఐస్ నీళ్ల తొట్టి ఉంటే అందులో మెడ దాకా ముంచడం, లేకపోతే దొరికిన ఐసూ నీళ్లూ ఒళ్లంతా పోయడం. పక్కన పరిగెత్తేవాళ్లలో ఎవరైనా అలా కనిపిస్తే మీ టైమ్ గురించి చూసుకోకుండా ఆగి వాలంటీర్లని పిలవండి. మొదటి అరగంటలో చల్లబరిచినవాళ్లు చాలావరకు నిలదొక్కుకుంటారు.

#9 · చలిమంట

నాడి గారూ, ఎంత వివరంగా రాశారు! నీళ్ల సంగతి నేను సరిగ్గా తలకిందులుగా అనుకుంటున్నాను, ప్రతి స్టేషన్‌లోనూ తాగాలనే ప్లాన్ రాసిపెట్టుకున్నా. మార్చేస్తున్నా. మరి చలిలో ఉంటూ వేడికి అలవాటు పడటం ఎలా? వారం ముందు వెళ్లే సెలవులు మాకు లేవు, గురువారం దిగుతాం.

#10 · నాడి

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి ఐదారు రోజుల్లోనే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, అదే వేడికి శరీరం చేసుకునే మొదటి ఏర్పాటు. తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా వస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. గురువారం దిగి ఆదివారం పరిగెత్తితే ఇవేవీ జరగవు. కాబట్టి ఇంట్లోనే మొదలుపెట్టాలి.

రేసుకి ముందు మూడో వారం నుంచి, పరుగు అయ్యాక 40 డిగ్రీల వేడి నీళ్ల తొట్టిలో భుజాల దాకా ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. తొట్టి లేకపోతే ఆవిరి గది. అదీ లేకపోతే ట్రెడ్‌మిల్ మీద ఫ్యాన్ ఆపేసి, రెండు పొరలు వేసుకుని నెమ్మదిగా. అలవాటు వచ్చాక పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లో పోతుంది, కాబట్టి చివరి వారంలో కూడా రెండుమూడుసార్లు చేయండి. తల తిరిగితే వెంటనే బయటికి రండి, ఇంట్లో ఒకరు అందుబాటులో ఉండాలి. గుండె జబ్బు, బీపీ మందులు, గర్భం ఉన్నవాళ్లు మీ డాక్టర్ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

#11 · మెల్లగా_వెళ్దాం

చలిమంట గారూ, నేను మొదలైంది యాభై దాటాక. హోనోలులు నడుస్తూ, పరిగెత్తుతూ పూర్తిచేసినదాన్ని. మీ ప్రశ్నకి నా సమాధానం ఒక్కటే: వెళ్లండి.

టైమ్ లిమిట్ లేకపోవడం అంటే ఏమిటో అక్కడికెళ్తే గాని తెలియదు. 2010లో గ్లాడిస్ బరిల్ అనే ఆవిడ 92 ఏళ్ల వయసులో ఇదే మారథాన్ 9 గంటల 53 నిమిషాల్లో పూర్తిచేసింది. మారథాన్ ముగించిన అతి పెద్ద వయసు మహిళగా అప్పట్లో గిన్నిస్‌లోకి ఎక్కింది. ఆవిడ మొదటి మారథాన్ 86 ఏళ్లప్పుడు! వేరే చాలా రేసుల్లో ఆరేడు గంటలకి రోడ్డు తెరిచేస్తారు, మనల్ని పేవ్‌మెంట్ ఎక్కమంటారు, వెనకబడ్డవాళ్లని ఎక్కించుకునే బస్సు వెనకే వస్తుంటుంది. ఆ బస్సు భయం లేకపోతే మనిషి ఎంత నిదానంగా, ఎంత తెలివిగా పరిగెత్తుతాడో.

ఇంకో లాభం. ఉప్పుగాలి గారి సూర్యోదయం లెక్క నెమ్మదివాళ్ల వైపు నుంచి చూడండి. 7 గంటలకి నాలుగు గంటల వాళ్లు ఎక్కడుంటారు? హైవే మీద, గోడల మధ్య. ఐదు గంటల వాళ్లు హైవే ఎక్కబోతుంటారు. ఆరు గంటల మనిషి 14వ కిలోమీటరు దగ్గర, డైమండ్ హెడ్ దిగుతూ ఉంటుంది. ఆకాశం నారింజ రంగుకి తిరిగేటప్పుడు సముద్రం ఎదురుగా ఉండేది మా గుంపుకే. నేను లైట్‌హౌస్ దగ్గర ఆగి నిలబడి చూశాను. అక్కడ ఆగినందుకు నన్నెవరూ తోసుకుపోలేదు, నాతోపాటు ఇంకా చాలామంది ఆగారు.

#12 · గడియారం

అక్కా, మీ పోస్ట్ చదివాక నాకు ఆరు గంటలకే పరిగెత్తాలని ఉంది, నిజంగా.

#13 · పాతరికార్డులు

మెల్లగా వెళ్దాం గారు చెప్పిన నిదానం ఈ రేసుకి పుట్టుకతో వచ్చిందే. 1973లో మొదలైంది, అప్పటి మేయర్ ఫ్రాంక్ ఫాసీ ఊతంతో. మొదటి ఏడాది రెండొందల మంది కూడా లేరు. గెలిచింది డంకన్ మెక్‌డొనాల్డ్, ఒవాహు కుర్రాడే. 1976లో 5000 మీటర్లలో అమెరికా రికార్డు కొట్టినవాడు ఈయనే. అయితే ఈ రేసుకి ప్రాణం పోసింది వేగం కాదు. జాక్ స్కాఫ్ అనే గుండె డాక్టర్ తన రోగులకి నెమ్మది పరుగును మందులా రాసేవాడు. 1974లో హోనోలులు మారథాన్ క్లినిక్ పెట్టి, ఆదివారాలు పొద్దున్నే కపియోలాని పార్కులో మామూలు జనాన్ని పోగుచేసి మారథాన్‌కి తయారుచేశాడు. ఆయన పెట్టిన నియమం, మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట ఆగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే.

ఆ కాలంలో మారథాన్ అంటే సన్నటి కుర్రాళ్ల వ్యవహారం. గుండె ఆపరేషన్ అయినవాళ్లు, నడివయసు గృహిణులు 42 కిలోమీటర్లు వెళ్లడం చూసి ఊరు ఊరంతా మారింది. తర్వాత జపాన్ నుంచి జనం రావడం మొదలై, చాలా ఏళ్లు పాల్గొనేవాళ్లలో సగానికి పైగా వాళ్లే. 1995లో మొత్తం 34 వేలు దాటారు. ఇక మేటి పరుగువీరుల సంగతంటారా, ఇబ్రహీం హుస్సేన్ 1985, 86, 87ల్లో వరసగా ఇక్కడ గెలిచాకే 1988లో బోస్టన్ గెలిచాడు, అది గెలిచిన మొదటి ఆఫ్రికన్ ఆయనే. ఇక్కడి పాత ఫలితాలు చూస్తుంటే నాకు అలా రాత్రులు గడిచిపోతాయి.

#14 · చలిమంట

మాట్లాడుతూ పరిగెత్తడం అనేది బాగా పట్టుకుంటాను. టైమ్ తేడా గురించి కూడా అడగాలి. మాకూ హవాయికీ డిసెంబరులో ఐదు గంటల తేడా. 5కి మొదలంటే 2కే లేవాలి కదా, నిద్ర ఎలా?

#15 · ఉప్పుగాలి

ఇది మీకు కలిసొచ్చే విషయం, చెడగొట్టుకోకండి. అక్కడి 5 అంటే మీ ఒంటికి పొద్దున 10. తెల్లవారుజామున 2కి లేవడం మీ ఒంటికి 7కి లేచినట్టు. రాత్రి 7కి పడుకుంటే మీ లెక్కన అర్ధరాత్రి. అంటే ద్వీపం టైమ్‌కి మారాల్సిన పనే లేదు. గురువారం దిగినప్పటి నుంచి ఇంటి టైమ్‌కే తినండి, ఇంటి టైమ్‌కే పడుకోండి. సాయంత్రం వైకీకీలో తిరుగుడు రేసు అయ్యాక పెట్టుకోండి. స్థానికులమైన మాకే అసలు కష్టం, మాకు 2 అంటే నిజంగా 2.

బిబ్ (చొక్కాకి పెట్టుకునే నంబరు) కన్వెన్షన్ సెంటర్‌లో ముందే తీసుకోవాలి, ఆఖరి రోజు దాకా ఆగకండి, క్యూలో కాళ్లు పోతాయి. శుక్ర, శనివారాల్లో డైమండ్ హెడ్ ట్రెక్కింగ్ వద్దు. బయటివాళ్లకి 2022 నుంచి ముందే రిజర్వేషన్ కావాలి కూడా, కాబట్టి సోమవారానికో మంగళవారానికో బుక్ చేసుకోండి, అంతటి మెట్లు ఎక్కే ఓపిక ఉంటే. శనివారం బీచ్‌లో మధ్యాహ్నం పడుకోవడం అన్నిటికన్నా చెడ్డది. కమిలిన చర్మం మరుసటి రోజు ఒంటిని సరిగ్గా చల్లబరచలేదు.

సన్‌స్క్రీన్ తెచ్చుకునేటప్పుడు అట్టపెట్టె చదవండి. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి పగడాలకి హాని అని 2021 జనవరి 1 నుంచి హవాయిలో అమ్మకం నిషేధం. జింక్ ఆక్సైడ్‌ది తీసుకోండి. చీకట్లో బయల్దేరతాం కాబట్టి చాలామంది రాసుకోవడం మరిచిపోతారు. హోటల్ గదిలోనే, బట్టలు వేసుకోకముందే రాసేయండి.

#16 · మెల్లగా_వెళ్దాం

దానికి నేనొకటి కలుపుతా. రాపిడి. తేమలో చెమట ఆరదు, బట్ట తడిసి ఒంటికి అతుక్కుని రాసుకుంటూనే ఉంటుంది. చంకలు, తొడల లోపల, బ్రా అంచుల కింద, మడమల మీద వాసెలిన్ దట్టంగా పట్టించండి. ఎయిడ్ స్టేషన్లలో చల్లటి స్పాంజ్‌లు ఇస్తారు, ప్రాణం లేచి వస్తుంది. అయితే స్పాంజ్ పిండుకునేటప్పుడు కాస్త ముందుకి వంగి, నీళ్లు మెడ మీదుగా నేల మీదికి కారేలా చూడండి. నిటారుగా నిలబడి పిండుకుంటే ఆ నీళ్లన్నీ వీపు మీదుగా కాళ్లకి, కాళ్ల నుంచి షూలోకి. తడి సాక్స్‌తో ఇరవై కిలోమీటర్లు వెళ్తే కాలివేళ్లు బొబ్బలెక్కకుండా ఉండవు. నూలు సాక్స్ అస్సలు వద్దు.

#17 · చలిమంట

ఇది ఏ ట్రైనింగ్ ప్లాన్‌లోనూ చదవలేదు అక్కా! నాకు ఇంకో చిన్న అనుమానం. మొదట్లో జనం బాగా ఇరుగ్గా ఉంటారట కదా?

#18 · గడియారం

అవును, ఫుల్ వాళ్లతోపాటే పార్కు దాకా వెళ్లే 10 కిలోమీటర్ల వాళ్లు కూడా కలిసి బయల్దేరతారు. అనుకున్న టైమ్‌ని బట్టి వరసలు పెడతారు గానీ ఆ వరసల్ని అందరూ పాటించరు. మొదటి కిలోమీటర్లలో పక్కలకి దూరి దూరి ముందుకెళ్లే ప్రయత్నం చేయకండి, అది వృథా శ్రమ. మీ టైమ్ కొలిచేది మీతో ఉండే చిప్, మీరు స్టార్ట్ లైన్ దాటినప్పటి నుంచే లెక్క. 10 కిలోమీటర్ల వాళ్లు పార్కులో విడిపోయాక రోడ్డు ఖాళీ అవుతుంది.

#19 · ఉప్పుగాలి

ఇక్కడ తమ్ముడితో కాస్త విభేదిస్తాను. దూరి వెళ్లొద్దన్నది సరే. కానీ ఇరుకుగా ఉందని బాధపడొద్దు కూడా. చీకట్లో, చల్లగా ఉన్నప్పుడు ఒంట్లో ఉత్సాహం పొంగిపోతుంటుంది. ఆ వేళ జనమే మనల్ని ఆపుతారు. ఐదు గంటల ప్లాన్ అంటే కిలోమీటరుకి సుమారు 7 నిమిషాల 6 సెకన్లు. మొదటి పది కిలోమీటర్లు ఏడున్నర నిమిషాల లెక్కన వెళ్లినా నాకు సంతోషమే. చీకట్లో టైమ్ సంపాదించి ఎండలో ఖర్చుపెడదామన్న ప్లాన్ చాలామంది వేస్తారు. లెక్క కాగితం మీద బాగుంటుంది. కానీ చీకట్లో తొందరపడ్డప్పుడు ఒంట్లో చేరిన వేడి ఎక్కడికీ పోదు, తేమవల్ల అది లోపలే ఉంటుంది. సూర్యుడొచ్చేసరికి అప్పటికే సగం కాగిన ఒంటితో హైవే ఎక్కుతారు. నేనైతే హవాయి కాయ్ చుట్టు దాకా, అంటే 27వ కిలోమీటరు దాకా, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఉంటాను. అక్కణ్నుంచి ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో ముప్పై సెకన్లు నడక, తలకి నీళ్లు, టోపీలో ఐస్ దొరికితే ఐస్.

రెండో డైమండ్ హెడ్ దగ్గర చాలామంది తల వంచుకుని రోడ్డు చూస్తూ ఎక్కుతారు. ఎడమ పక్కకి చూడండి. మీరు వచ్చిన దూరానికి ఇచ్చేది అక్కడే ఉంది.

#20 · వెనకసీటు

నేను పరిగెత్తను, మా ఆవిడ పరిగెత్తుతుంది. చూడ్డానికి వెళ్లేవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. రోడ్లు పొద్దున్నే మూసేస్తారు, కారులో వెంటపడదామనుకుంటే కుదరదు. తూర్పువైపు ఇళ్లవాళ్లు కూడా ఆ పూట బయటికి రాలేరు. వైకీకీలో హోటల్ తీసుకుంటే కలాకావా మీద ఒకసారి చూసి, పార్కు దాకా నడిచి, లైట్‌హౌస్ వైపు కాస్త ఎక్కి మళ్లీ వచ్చేటప్పుడు చూడొచ్చు. నాలుగు గంటల ఖాళీ మధ్యలో, కాబట్టి టిఫిన్ చేసి రండి. ఫినిష్ దగ్గర వేల మంది, ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు. ఫలానా చెట్టు కింద, ఫలానా గుర్తు దగ్గర అని ముందురోజే పార్కుకి వెళ్లి చూసి అనుకోండి. పొడి బట్టలు, చెప్పులు మీ దగ్గరే ఉంచుకోండి. ముగించినవాళ్లకి మొదట కావాల్సింది ఆ షూ విప్పడమే.

స్టార్ట్‌కి వెళ్లడానికి పార్కు పక్కనుంచి తెల్లవారుజామున బస్సులు నడుస్తాయి. వైకీకీ పడమటి చివర హోటల్ అయితే నడిచే వెళ్లిపోవచ్చు, చాలామంది అలాగే వెళ్తారు.

#21 · చలిమంట

ఇప్పుడే పేరు ఇచ్చేశాను. మావారు కూడా వెనకసీటు గారి పోస్ట్ చదివి, తన హోటల్ వెతుకులాట మొదలుపెట్టారు. వేడి నీళ్ల తొట్టి నవంబరు మూడో వారం నుంచి. లాంగ్ రన్‌లు 30 కిలోమీటర్ల దాకా పెంచుతాను. ఉప్పుగాలి గారూ, ఆ తిరుగు హైవే మీద నీడ ఎక్కడైనా ఉందా, ఒక్క చోటైనా?

#22 · ఉప్పుగాలి

కహాలా అవెన్యూ ఎక్కాక చెట్లున్నాయి, అది దాదాపు 36 తర్వాత. హైవే మీద లేదు తల్లీ. ఐనా హైనా, నియు వ్యాలీ దగ్గర కాలనీవాళ్లు రోడ్డు పక్కకొచ్చి నిలబడతారు. కొందరు పిల్లలు పైపుతో నీళ్లు చల్లుతుంటారు. అడిగితే మీ మీద కూడా చల్లుతారు. షూ మీద పడకుండా చూసుకోండి.